గీకిన చోటు

ఆ కాగితం శనివారం సాయంత్రం నుంచి నా చొక్కా జేబులో ఉంది. నాలుగు వాక్యాలు, కింద నా సంతకం. సోమవారం పది గంటలకు దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టాలి. పెడితే చిన్నక్క పదకొండేళ్లుగా కూర్చున్న టేబుల్ ఇంకొకరిదవుతుంది. ఆవిడ వెనక గదిలోకి వెళ్లి అట్టపెట్టెలకు టేపు అంటించుకోవాలి. దాని గురించి నాకు పెద్ద బాధేమీ కలగలేదని ముందే చెప్పేస్తున్నాను. కలిగిందంటే నాకు మంచి పేరొస్తుంది గానీ, కలగలేదు.

మాది వినికిడి యంత్రాలు తయారుచేసే చోటు. చెవి వెనక పెట్టుకునే రకం, చిక్కుడుగింజంత ఉంటాయి. ఒక హాలు, ఆరు టేబుళ్లు, ఆరుగురు ఆడవాళ్లు, వాళ్ల మీద సూపర్‌వైజర్‌ని నేను. నా వెనకాల నన్ను టిక్కుసార్ అంటారని నాకు తెలుసు. పొద్దున్నే రిజిస్టరు పట్టుకుని ఒక్కో టేబుల్ దగ్గర ఆగుతాను. చేతికి పట్టీ ఉందా, టిక్కు. పట్టీ వైరు టేబుల్ కాలికి తగిలించి ఉందా, టిక్కు. పట్టీ పనిచేస్తోందో లేదో చూపించే మీటరు ఒకటుండేది. అది రిపేరుకని వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఈలోగా నా కళ్లే మీటరు.

పట్టీ ఎందుకంటే, మన ఒంట్లో మనకు తెలియకుండానే కాస్త కరెంటు పోగవుతూ ఉంటుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో స్వెట్టర్ విప్పితే చిటపటలాడేది అదే. మనకది చీమ కుట్టినంత కూడా కాదు. ఆ గింజలోపలి చిప్‌కి మాత్రం పిడుగు పడినట్టే. అందుకని మణికట్టుకి పట్టీ, పట్టీకి వైరు, వైరు చివర క్లిప్, ఆ క్లిప్ టేబుల్ ఇనుపకాలికి, కాలి అడుగు నుంచి రాగితీగ నేలలోకి. ఒంట్లో పుట్టింది పుట్టినట్టు భూమిలోకి జారిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, బాగానే చెబుతాను.

చిన్నక్క పొట్టి మనిషి. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. అందరూ చిన్నక్క అంటుంటే నాకూ అదే నోటికి అలవాటైంది. వెంట్రుక కన్నా సన్నని తీగను అతికించాలంటే ఆవిడే అతికించాలి. ఆవిడ ట్వీజర్ ఆవిడ సొంతం, మొనలు తనే సానబెట్టుకుంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఆవిడకొక అలవాటుండేది. పొద్దున్నే కూర్చోగానే స్క్రూడ్రైవర్‌తో టేబుల్ కాలిని ఒకేచోట మూడుసార్లు గీకేది. కర్, కర్, కర్. తర్వాతే క్లిప్ తగిలించేది. ఆవిడ క్లిప్ పళ్లు అరిగిపోయి చాలా ఏళ్లయింది. ఆ ఇనుపకాలు వేలిగోరంత మేర తెల్లగా మెరుస్తూ ఉండేది.

"ఎందుకమ్మా ఆ గీకుడు, పళ్లు జివ్వుమంటున్నాయి!" అని ఒకసారి అడిగాను.

"నాకు పని నేర్పిన పెద్దావిడ గీకేది సార్. నేనూ గీకుతున్నా. ఎందుకో నాకూ తెలీదు."

నెల క్రితం మా దగ్గర సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. చిన్నక్క టేబుల్ గుమ్మం పక్కనే ఉంటుంది, వచ్చినవాళ్ల చూపు మొదట దాని మీదే పడుతుంది. ఆ తుప్పు, ఆ గీతలు చూస్తే నాకే తలకొట్టేసినట్టయింది. అప్పుడే ఇంట్లో కిటికీ కమ్మీలకు వేయగా మిగిలిన బూడిద రంగు సగం డబ్బా ఉంది. సెలవు రోజు వచ్చి స్వయంగా ఆ టేబుల్ కాళ్లకు రెండు కోట్లు వేశాను. అద్దంలా వచ్చింది. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు, మేనేజరు నా భుజం తట్టాడు. మర్నాడు చిన్నక్క స్క్రూడ్రైవర్ తీయబోతే అరిచాను కూడా.

"కొత్త రంగమ్మా అది! ఇంకోసారి గీకావంటే ఊరుకోను."

ఆవిడ స్క్రూడ్రైవర్ డ్రాయర్లో పెట్టేసింది. క్లిప్ తగిలించింది. నేను టిక్కు పెట్టాను.

ఆ తర్వాత వారం నుంచీ మొదలైంది. ఆవిడ చేసిన యంత్రాలు మా దగ్గర పరీక్షలో బాగానే పలికేవి. బయటికి వెళ్లిన నాలుగైదు రోజులకు మూగబోయి తిరిగొచ్చేవి. ఒక పెద్దాయన స్వయంగా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మా ఆవిడ మాట మళ్లీ వినపడ్డం లేదయ్యా," అన్నాడు. కొందరు అదే వరమనుకుంటారు గానీ, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు వారాల్లో పంతొమ్మిది తిరిగొచ్చాయి. పంతొమ్మిదీ చిన్నక్క టేబుల్‌వే. మిగతా అయిదు టేబుళ్ల నుంచి ఒక్కటి లేదు.

మేనేజరు నన్ను పిలిచాడు. "ఏమయ్యా, ఆవిడకేమైంది? కళ్లా, చేతులా? చూసి రాసివ్వు."

శనివారం నేను చూశాను. ఆవిడ కుర్చీ వెనక అరగంట నిలబడ్డాను. ట్వీజర్ మొన సన్నగా వణికింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు వణికింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకుని నా బల్ల దగ్గరకు వెళ్లి కాగితం రాశాను. "చేతులు వణుకుతుండగా స్వయంగా చూశాను" అన్నది అందులో మూడో వాక్యం.

మాట ముందే ఆవిడ చెవిన వేశాను, ఆ మాత్రం మర్యాద నాకుంది.

"మీరు చూశారా సార్?"

"చూశానమ్మా. వయసు, ఎవరం ఏం చేస్తాం."

"నాకు నలభై కూడా నిండలేదు సార్," అంది. ఇంటికి వెళ్లేముందు తన ట్వీజర్ తీసి మూడో టేబుల్ అమ్మాయి చేతిలో పెట్టింది. "తడి గుడ్డతో తుడవకు," అని మాత్రం చెప్పింది.

ఆదివారం మా ఇల్లు బడి అయింది. మా అమ్మాయి ఆరో తరగతి. ఇంట్లో దొరికే వస్తువులతో స్థిర విద్యుత్తు ఉందని చూపించి, చూసింది నోట్సులో రాసుకు రమ్మన్నారట. మా అత్తగారు ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. రిటైరై ఆరేళ్లయినా ఆవిడ గొంతు వింటే ఇంకా బెల్లు కొట్టినట్టే ఉంటుంది. టీవీ కట్టేయించారు. ఆ గదిలోనే నేనూ చిక్కుకుపోయాను.

ముందు దువ్వెన, కాగితం ముక్కలు. ఆవిడ దువ్వెనను తన తలకు రుద్దుకుని చాపారు. కాగితం ముక్క కదల్లేదు.

"అమ్మమ్మా, నీ తలకి నూనె ఉంది."

"అయితే మీ నాన్న తల వాడదాం."

"అక్కడేముంది అమ్మమ్మా రుద్దడానికి?"

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. చివరికి అమ్మాయి పొద్దున్నే తలంటుకుని ఆరబెట్టుకున్న జుట్టే పనికొచ్చింది. చిటపటమంది, కాగితం ముక్కలు ఎగిరి దువ్వెనకు అంటుకున్నాయి. అక్కడితో ఆపితే అది మా అత్తగారెందుకవుతుంది?

"ఇది చిన్నపిల్లల ఆట. అసలుది చేద్దాం, సీసా తే," అన్నారు.

పచ్చడి సీసా ఒకటి కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టారు. ప్లాస్టిక్ మూతకు చిల్లు పొడిచి, అందులోంచి రాగితీగ దింపారు. తీగ కింది కొసకు చాక్లెట్ చుట్టి వచ్చే పలచటి రేకులోంచి కత్తిరించిన రెండు ముక్కలు పక్కపక్కనే వేలాడదీశారు. అమ్మాయి దువ్వెన జుట్టుకు రుద్ది పైకొసకు ముట్టించింది. సీసాలో రెండు రేకులూ పడని తోడికోడళ్లలా చెరో పక్కకీ తిరిగాయి.

"తీగ మీద వేలు పెట్టు."

పెట్టింది. రేకులు మళ్లీ దగ్గరికొచ్చేశాయి.

"ఏమైంది? రేకుల్లో ఉన్నది నీ ఒంట్లోంచి నేలలోకి పోయింది. ఇనుముకి తగిలించినా అంతే. ఇంకో తీగతో దీన్ని కిటికీ కమ్మీకి కట్టు. కమ్మీ గోడలోకి, గోడ నేలలోకి. ఇప్పుడు నువ్వు తల ఊడిపోయేలా రుద్దినా ఆ రేకులు విడవవు, చూడు."

అమ్మాయి తీగను కమ్మీకి రెండు చుట్లు చుట్టింది. దువ్వెన రుద్దింది, ముట్టించింది. రేకులు టక్కున విడిపోయాయి.

మా అత్తగారి ముఖం చూడాలి! "మళ్లీ చెయ్," అన్నారు. మళ్లీ విడిపోయాయి. మూడోసారీ అంతే. ముప్ఫై ఏళ్ల పాఠం ఒక పచ్చడి సీసా ముందు ఓడిపోతుంటే నాకు, నిజం చెప్పొద్దూ, కడుపు నిండింది.

"కమ్మీలోనే ఏదో ఉంది," అన్నారావిడ.

"ఆడలేక మద్దెల ఓడన్నారట. మా కమ్మీ ఏం చేసింది అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరకెళ్లి, కమ్మీని గోటితో తట్టి చూశారు.

"ఈ రంగు ఎప్పుడు వేశారు అల్లుడుగారూ?"

"నెలైంది. రెండు కోట్లు. పనివాడితో కాదు, నేనే వేశాను," అన్నాను ఛాతీ విరుచుకుని.

"అదీ సంగతి! పైన పటారం, లోన లొటారం. రంగు దాన్ని దాటనివ్వదు. ఆ తీగ ఇనుముని ముట్టుకోవట్లేదు నాయనా, మీ పనితనాన్ని ముట్టుకుంటోంది. చాకు తేవే పిల్లా."

"అయ్యో, కొత్త రంగండీ!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే ఎక్కడో విన్నట్టనిపించింది.

ఆవిడ గీకారు. కర్, కర్, కర్. వేలిగోరంత మేర ఇనుము తెల్లగా బయటపడింది. తీగ అక్కడ చుట్టారు. అమ్మాయి దువ్వెన రుద్ది ముట్టించింది. రేకులు కదల్లేదు. మళ్లీ రుద్దింది. అవి ఒకదానికొకటి ఆనుకుని బుద్ధిగా వేలాడుతున్నాయి.

"నాన్నా, నీ రంగు వల్లే ముందు పనిచెయ్యలేదని రాయనా?" అంది మా అమ్మాయి పెన్ను తీసి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఉతుకులో వేస్తే కాగితం తడిసిపోతుందని నిన్నటి చొక్కానే తొడుక్కుని ఉన్నాను. అదే రంగు, అదే డబ్బా, అవే రెండు కోట్లు. క్లిప్ ఉంది, టిక్కు. పట్టీ ఉంది, టిక్కు. చిన్నక్క ఒంట్లో పుట్టింది పుట్టినట్టు ట్వీజర్ మొనలోంచి చిప్‌లోకి పోతుంటే, నేను నెల రోజులు పక్కన నిలబడి టిక్కులు పెట్టాను. ఆవిడకు తెలియకుండానే ఆవిడ చేస్తున్న మంచి పనిని అరిచి మరీ మాన్పించాను. నాకు సిగ్గేసింది. దాంతోపాటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అదీ దాచను. రేపు అందరికంటే ముందు వెళ్లి ఆ కాలిని గీకేసి, కాగితం చింపేస్తే సరి. ఇంకో వారం చూద్దామని మేనేజరుకు చెబితే యంత్రాలు అవే బాగుపడతాయి. ఎవరికీ ఏమీ తెలియదు.

"రాయి," అన్నాను మా అమ్మాయితో.

సోమవారం ఎనిమిదింటికే హాలు తీయించాను. మోకాళ్ల మీద కూర్చుని చాకుతో గీకాను. రెండు కోట్లు కదా, బాగా పట్టుకుంది. పొడి ఊదేసి, క్లిప్ తగిలించి, లేచి ప్యాంటు దులుపుకున్నాను. జేబులోంచి కాగితం తీసి చింపబోతుంటే మేనేజరు లోపలికొచ్చాడు.

"ఆ కాగితం అక్కర్లేదయ్యా. ఆవిడే శనివారం వెళుతూ వెళుతూ నాకు రాసిచ్చింది. నా చేతులు పనికి రావడం లేదు, ప్యాకింగ్‌కి పంపండి అని. గొడవ లేకుండా తేలిపోయింది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా కాగితం నేను చింపుకోగలను. ఆవిడ రాసిచ్చిన కాగితాన్ని చింపాలంటే ఎందుకో చెప్పాలి. నేను నోరెత్తకపోతే ఆవిడ వెనక గదిలో ఉంటుంది, గీకిన టేబుల్ దగ్గర మూడో టేబుల్ అమ్మాయి కూర్చుంటుంది, యంత్రాలు బ్రహ్మాండంగా పలుకుతాయి. అప్పుడు తప్పు చిన్నక్క చేతులదేనని లోకానికంతా రుజువైపోతుంది. ఆవిడ కూడా జన్మంతా అదే నమ్ముతుంది.

తొమ్మిదికి అందరూ వచ్చారు. చిన్నక్క నా ముందు నుంచే తల వంచుకుని వెనక గది వైపు నడిచింది.

"చిన్నక్కా, ఆగు," అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. అయిదుగురూ తలలెత్తారు. మేనేజరు తన గది గుమ్మంలో ఆగిపోయాడు.

చెప్పాను. రంగు సంగతి, గీకొద్దని అరిచిన సంగతి, సీసా సంగతి, అన్నీ వరసగా. "యంత్రాలు పాడవడం నీ చేతుల వల్ల కాదు. నా వల్ల," అన్నాను. మేనేజరు ముఖంలో రంగులు మారాయి. అది తర్వాత నేను పడాల్సిన సంగతి, పడ్డాను కూడా.

చిన్నక్క టేబుల్ దగ్గరకొచ్చి వంగి కాలు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"మీరు రాసిన కాగితం ఇవ్వండి సార్."

ఇచ్చాను. నిదానంగా చదివింది. మూడో వాక్యం దగ్గర వేలు పెట్టింది.

"స్వయంగా చూశాను అని రాశారు. వణికిందా నిజంగా?"

"వణికిందమ్మా. అబద్ధం రాయలేదు."

"ఎక్కడ నిలబడి చూశారు?"

"నీ వెనక."

"మీరు వెనక నిలబడితే నాకు కాళ్లు కూడా వణుకుతాయి సార్," అంది మూడో టేబుల్ అమ్మాయి. ఒకరిద్దరు నవ్వారు. చిన్నక్క నవ్వలేదు.

"రెండు వారాల కిందట మొదటిసారి మీరు నా చేతుల వంక అదోలా చూశారు. ఆ రోజు నుంచీ పొద్దున్నే లేవగానే గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి, చెయ్యి చాపి పట్టుకుని నిలబడేదాన్ని. మా అమ్మ చూసి నీకేమైనా పిచ్చా అంది. వంద లెక్కపెట్టేదాన్ని. ఒక్కరోజు కూడా ఒక్క చుక్క ఒలకలేదు సార్."

"మరి ఆ మాట శనివారం నాతో అనలేదేం?"

"మీరు చూశానన్నారు కదా. టిక్కుసార్ ఊరికే అనరు అనుకున్నా. గ్లాసే అబద్ధం చెబుతోందేమో అనుకున్నా."

నా ముఖం మీదే టిక్కుసార్ అనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కాగితాన్ని నా ముందు పెట్టి, నా జేబులోని పెన్ను తనే తీసి దాని మీద ఉంచింది. మూడో వాక్యం కింద నేను ఇంకో వాక్యం రాశాను: "అప్పుడు నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను; ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె చెయ్యి వణకలేదు." దాని కింద రంగు సంగతి రాసి, మళ్లీ సంతకం పెట్టాను. ఆవిడ దాన్ని తీసుకెళ్లి మేనేజరుకిచ్చి, తను రాసిచ్చిన కాగితం వెనక్కి అడిగి తెచ్చుకుంది.

మూడో టేబుల్ అమ్మాయి ట్వీజర్ తిరిగిచ్చేసింది. చిన్నక్క దాని మొనలు వెలుతుర్లో చూసుకుని, డ్రాయర్ లాగి స్క్రూడ్రైవర్ తీసింది.

"నేను గీకాను కదమ్మా," అన్నాను.

"మీరు గీకింది చూశాను సార్. చాలదు," అని వంగింది.

కర్, కర్, కర్. పళ్లు జివ్వుమన్నాయి. రిజిస్టరు పట్టుకుని ఆవిడకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. క్లిప్ తగిలించేదాకా ఆగాను. ఆవిడ తలెత్తి, "ఇక పెట్టుకోండి," అంది. అప్పుడు టిక్కు పెట్టాను.